వాల్టర్ తాళం

దయ్యాలంటే నాకు భయం లేదు, చిరాకు. ఆదివారం మా తెలుగు చర్చిలో ఎవరైనా చనిపోయినవాళ్లు కలలో కనిపించారంటూ సాక్ష్యం మొదలుపెడితే ఫోన్ తీసి మెయిల్ చూసుకునే రకాన్ని. ఇది రాయడానికి నాకు ఏడాది పట్టింది.

శాన్ రామన్‌లో ఉంటాను. కాలిఫోర్నియా తీరంలో ఒక ఓడరేవుకి కరెంటు అందించే స్మార్ట్ గ్రిడ్ టీమ్‌లో ఇంజినీరుని. రేవుకి వచ్చిన ఓడ డీజిల్ ఇంజిన్ ఆపేసి మా కేబుల్ తగిలించుకుంటుంది. సోలార్ నుంచి ఎంత, బ్యాటరీల నుంచి ఎంత ఇవ్వాలో మా సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది. ఓడ పొగ ఆగితే గాలిలో కలిసే కార్బన్ ఆ మేరకు తగ్గుతుంది. ఈ పని చేస్తున్నందుకు నాకు గర్వమే.

కేబుల్ రిపేరుకి ఒక పద్ధతి ఉంది. పనిలోకి దిగే ప్రతి మనిషీ మెయిన్ స్విచ్‌కి తన పేరున్న తాళం వేయాలి. అయ్యాక తనది తనే తీయాలి. ఒక్క తాళం మిగిలినా కరెంటు వెళ్లదు.

ఏడాది కిందట ఒక రోజు మధ్యాహ్నం మూడింటికి ఓడ మా కోసం ఆగి ఉంది. కేబుల్ రిపేరు అయిపోయింది, మూడు తాళాలూ తీసేశామని ఫోర్‌మన్ రేడియోలో చెప్పాడు. కంట్రోల్ రూమ్‌లో బటన్ నొక్కాను. స్విచ్ పడలేదు. వెళ్లి చూడమన్నాను.

అతను స్విచ్ రూమ్‌కి వెళ్లాడు. తర్వాత, ఇక్కడ ఇంకో తాళం ఉంది, దాని మీద వాల్టర్ పేరుంది అన్నాడు. వాల్టర్ మా పాత ఎలక్ట్రీషియన్. అంతకుముందు చలికాలంలో గుండెపోటుతో పోయాడు. అతని సామానుతో పాటు ఆ తాళాన్ని భార్యకు ఇచ్చివచ్చింది ఈ ఫోర్‌మనే.

ఓడ ఆగి ఉన్న బెర్త్‌కి పరిగెత్తాను. అప్పుడే కేబుల్ గొయ్యిలోంచి సుధీర్ పైకి వస్తున్నాడు. వరంగల్ అతను, ఆఫీసులో నా పక్క సీటు. మా సాఫ్ట్‌వేర్ వాళ్లకూ తాళాలు ఇచ్చారు గానీ అవి డ్రాయర్లలోనే పడి ఉంటాయి.

"ఏమైంది అక్కా? సెన్సర్ చెక్ చేద్దామని దిగిన. టూ మినిట్స్ పనే కదా అని ఎవరికీ చెప్పలే."

నేను బటన్ నొక్కిన సమయానికి కేబుల్ కనెక్టర్ తెరిచి, అందులో చెయ్యి పెట్టి ఉన్నాడట. అక్కడే కాంక్రీటు మీద కూర్చుండిపోయాను.

స్విచ్ రూమ్ తలుపు కార్డుతోనే తెరుచుకుంటుంది. ఎలక్ట్రీషియన్లు బయటికి వచ్చాక, ఫోర్‌మన్ వెళ్లి చూసేదాకా ఎవరూ లోపలికి వెళ్లలేదు. కెమెరాలోనూ ఎవరూ లేరు. ఫోర్‌మన్ ఫోన్ చేస్తే, వాల్టర్ భార్య తన వంటింటి అరలో ఉన్న తాళం ఫొటో పంపింది. పేరు, పక్కన గీసుకుపోయిన గీత, అన్నీ మా స్విచ్‌కి ఉన్నదాని మీదలాగే. మా దగ్గరున్నదానికి తాళంచెవి ఎక్కడా దొరకలేదు. కట్టర్‌తో కోశారు.

అది ఎవరు వేశారో నాకు ఈ రోజుకీ తెలియదు. ఆలోచిస్తే పగలు కూడా భయం వేస్తుంది.

ఇప్పుడు ఆదివారాలు సుధీర్ కుటుంబం మా ఇంటికి వస్తుంది. వాళ్ల పాప "ఆంటీ" అంటూ నా ఒళ్లోకి ఎక్కి కూర్చుంటుంది. ఆ రోజు నేను బటన్ నొక్కానని సుధీర్‌కి తెలుసు. మొదటిసారి స్విచ్ పడలేదని విసుక్కుని, ఎవరినీ అడగకుండా, ఇంకోసారి కూడా గట్టిగా నొక్కాను. అది మాత్రం అతనికి ఇంతవరకు చెప్పలేకపోయాను.