పడమటి తలుపు

2000 జూన్ 11, ఆదివారం. విదేశంలో, చోవా చూ కాంగ్ అనే పేటలో మా అమ్మాయి ఫ్లాట్. ఉన్నవారు: నేను, అమ్మాయి, అల్లుడు, ఫ్రాన్సులో ఒక పల్లె చర్చి బాగోగులు చూసే పెద్దావిడ.

ఏడెనిమిది వందల ఏళ్ళ నాటి ఆ గోథిక్ చర్చి ఫొటోలతో అల్లుడి కంపెనీ ఒక సీడీ తయారుచేస్తోంది. దాన్ని చూడటానికే ఆవిడ వచ్చింది. మర్నాడు ఆవిడ సంతకం పెడితేనే అల్లుడి కాంట్రాక్టు పొడిగిస్తారు. ఫొటోల కింద వివరాలు రాసింది నేను. ముప్పై ఏళ్ళు గుళ్ళ ఆస్తుల జాబితాలు రాసినవాణ్ణని అల్లుడే నాకు అప్పగించాడు.

ఆవిడ పులిహోర పళ్ళెం పక్కకు నెట్టి కంప్యూటర్ ముందు కూర్చుంది. పాచి పట్టి బీటలిచ్చిన గోడ దగ్గర ఆగింది. కింద నేను 'దక్షిణపు గోడ' అని రాశాను. అది ఉత్తరపు గోడ అంది. ఈ వివరాలు చూసే తాపీవాళ్ళు మరమ్మతు మొదలుపెడతారట. ఎండ పడే గోడకు పాచి ఏ దేశంలో పడుతుందని అడిగింది.

మన గుళ్ళలోలాగే పెద్ద తలుపు తూర్పుకే ఉంటుందనుకుని, ప్రదక్షిణ క్రమంలో రాసుకుంటూ పోయాను. వాళ్ళ తలుపు పడమటికి ఉంటుందట, పూజాస్థానం తూర్పు కొసన. నలభై ఫొటోల వివరాలూ తలకిందులే. ఇలా ఉంటే సంతకం పెట్టనని చెప్పి ఆవిడ వెళ్ళిపోయింది.

"మామయ్యగారూ, క్యాప్షన్లు రాయమన్నాను. ప్రదక్షిణాలు చేయమన్నానా?" అన్నాడు అల్లుడు.

"తలుపు ఎటు ఉందని అడిగాను. మీరే పట్టించుకోలేదు."

"ఎప్పుడడిగారు?"

"డైరీలో ఉంటుంది."

అమ్మాయి నా డైరీ తెచ్చి ఆ నెల పేజీలన్నీ తిప్పింది. తిన్న కూరలు, నడిచిన దూరం, లిఫ్ట్ ఆగిపోయిన సమయం, అన్నీ ఉన్నాయి. ఆ ప్రశ్న లేదు.

"లేదు నాన్నా" అని, డైరీ మూయకుండానే నా ముందు పెట్టింది.

"లిఫ్ట్ సంగతి మాత్రం నిమిషాలతో సహా రాశారు" అన్నాడు అల్లుడు.

"మీరు చదవకుండానే కంపెనీకి ఇచ్చారు. అదీ రాస్తాను" అన్నాను. రాశాను కూడా.

మర్నాడు తెల్లవారగానే ఫొటోల్లో నీడలు చూసుకుంటూ నలభై వివరాలూ తిరగరాశాను. అల్లుడు నా ఎదుటే ఒక్కొక్కటీ సరిచూసి, కాగితాలు సంచిలో పెట్టుకున్నాడు. పదిన్నరకు అల్లుడి దగ్గర్నుంచి అమ్మాయికి ఫోన్ వచ్చింది. ఆవిడ సంతకం పెట్టిందట. సీడీలో వివరాలు రాసినవారి చోట నా పేరు తీసేశారట.