నీళ్లెక్కని పైపు

మా ఇంటి పై పోర్షన్ ఖాళీ అయిన రోజు నేను మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. కిరాయికున్నవాళ్లు పోతే ఇంటామె ఏడవడమేమిటని మా తమ్ముడు నవ్వాడు. వాడికి బేగంబజార్‌లో స్టీలు సామాన్ల దుకాణం ఉంది. ఒక గిరాకీ పోతే ఇంకో గిరాకీ వస్తుందన్నది వాడి లెక్క. పదేళ్లున్న మనిషి గిరాకీ ఎట్లా అవుతుందిరా అని కసిరాను.

ఆ పోర్షన్ మా ఆయన వేయించాడు. కంచన్‌బాగ్ ఫ్యాక్టరీలో రిటైరయినప్పుడు వచ్చిందంతా లాల్‌దర్వాజాలోని ఈ చిన్న ఇంటి మీదే పోశాడు. "రేపు మనకు కాలుచేయి ఆడకున్నా గీ కిరాయి అన్నం పెడ్తది" అన్నాడు. అన్నం పెడుతూనే ఉంది. తినడానికి ఆయనే లేడు. ఆయన పోయాక నాకు మిగిలిన తోడు పైన కిరాయికున్న టైలరు భార్య. టైలరు పొద్దున దుకాణానికి పోతే మళ్లీ దీపాలు పెట్టాకే వచ్చేవాడు. పగలంతా మేమిద్దరమే.

మా గల్లీలో నల్లా రోజు విడిచి రోజు వస్తుంది, అదీ తెల్లవారుజామున. నీళ్లకు పైకి ఎక్కేంత జోరు ఉండదు. మా ఆయన ముచ్చటపడి వాకిట్లోంచి పై వంటింటి దాకా ఇనుప పైపు వేయించాడు గానీ, దాంట్లో ఏనాడూ చుక్క నీరెక్కలేదు. అయినా ఆ పైపు ఊరికే పోలేదు. నల్లా రాగానే నేను గంటెతో దాని మీద మూడు దెబ్బలు కొట్టేదాన్ని. ఆమె బిందెలు పట్టుకొని పరుగెత్తుకొచ్చేది. రెండు దెబ్బలంటే చాయ్ అయిందని అర్థం. పైనుంచి ఒక్క దెబ్బ వినపడితే "వస్తున్నక్కా" అన్నట్టు. పదేళ్లపాటు నీళ్లెక్కని ఆ పైపులో మా మాటలెక్కాయి.

ఆషాఢంలో బోనమెత్తితే నా కొంగు సర్దింది ఆమే. నాకు జ్వరమొస్తే జావ కాచి పోసింది ఆమే. నా నోరు మంచిది కాదని గల్లీ అంతా ఎరుగును. ఎన్నిసార్లు తిట్టానో, అన్నిసార్లూ ఆ సాయంత్రానికి చాయ్‌కి వచ్చేది.

టైలరు ఊరి చివర కొత్త కాలనీలో దుకాణం పెట్టాడు. సామాన్లు ఆటోకెక్కిస్తుంటే అడిగాను: "నిజం చెప్పవే, నా నోటికి భయపడి పోతున్నవా?"

"నీ నోటికి భయమెందుకక్కా? గీ బిందెలు మోసి మోసి నా నడుము పోయింది. గాడ నల్లా ఇంట్లనే ఉంటదంట." కళ్లు తుడుచుకుంటూనే నవ్వి ఆటో ఎక్కింది.

ఆ మాట పట్టుకొని కూర్చున్నాను. నీళ్లుంటే ఉండేదే కదా! ఈసారి వచ్చేవాళ్లు పోకుండా ఉండాలంటే ఇల్లు బాగుచేయాలి అనుకున్నాను. నాకు కావలసింది కిరాయి ఒక్కటే కాదు, ఇంట్లో ఒక మనిషి అలికిడి.

మూడు నెలలు టు-లెట్ బోర్డు వేలాడింది. వచ్చినవాళ్లంతా "చూసి చెప్తం ఆంటీ" అని పోయేవాళ్లు. ఆ మాటన్నవాడు మళ్లీ మొహం చూపించడని అప్పుడే తెలిసింది. ఒకామె పైన నల్లా తిప్పి, "ఏంది ఆంటీ, గిది దగ్గుతుంది?" అంది. ఇంకొకరికి మా వాకిట్లోంచి మెట్లెక్కడం నచ్చలేదు.

తమ్ముడు అన్నాడు: "అక్కా, గిప్పుడు బిందెలెవలు మోస్తరు? నా దుకాన్ల కూడ షోకు కోసమే కొంటున్నరు. సంపు తవ్వియ్యి, మోటర్ పెట్టియ్యి, మెట్లు బయటికెళ్లి తియ్యి. చిటికెల వస్తరు."

అన్నీ చేయించాను. సంపు, మోటారు, పైన నల్ల ట్యాంకు, వంటింట్లో నున్నటి రాతి గట్టు, దోమలు రాకుండా కిటికీలకు జాలీ, గల్లీలోకి వేరే మెట్లు. నల్లా మిస్త్రీ గోడకున్న ఇనుప పైపు చూసి, "అమ్మా, గిది తీసేద్దామా? ఒక్క సుక్క పోతలేదు దీంట్ల" అన్నాడు.

"తీసెయ్" అన్నాను. ఎవరో అనలేదు, నా నోటితో నేనే అన్నాను. పాత ఇనుపవాడు దాన్ని బండి మీద వేసుకొని పోయాడు.

వారానికే ఒక జంట దిగింది. ఇద్దరూ ఉద్యోగాలు చేసుకునేవాళ్లు. పొల్లు మాట లేదు, లొల్లి లేదు. ఇల్లు మస్తుగుందన్నారు. కిరాయి ఒకటో తారీఖునే ఫోన్లో పడేది. నీళ్లు పైనే, మెట్లు బయటే, కరెంటు మీటరు వేరే. ఇక కిందికి రావలసిన పనేముంది? కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టయింది నా పని.

ఒకరోజు చాయ్ పెట్టి, ఏదో ధ్యాసలో గంటె పట్టుకొని గోడ దగ్గరికి పోయాను. కొత్త ప్లాస్టిక్ పైపు మీద రెండు దెబ్బలు కొట్టాను. టప్ టప్‌మంది, అంతే. ఆ చప్పుడు నా గడప కూడా దాటలేదు. నా మీద నాకే కోపమొచ్చి ఆ చాయ్ పారబోశాను.

కిందటి నెల మోటారు కాలిపోయింది. పైనున్న అమ్మాయి బకెట్ పట్టుకొని గల్లీ చుట్టి వచ్చి నా గేటు కొట్టింది. "ఆంటీ, నీళ్లస్తలేవు. మెకానిక్ ఎవరన్నా ఉన్నరా?"

ఉన్నాడు. పక్క గల్లీలోనే దుకాణం, వాడి నంబరు నా ఫోన్లో ఉంది. "వాడు ఊరికి పోయిండు బిడ్డా. రెండు మూడు రోజులైతది" అన్నాను. అబద్ధం అంత సులువుగా ఎట్లా వచ్చిందో ఇప్పటికీ తెలియదు.

మర్నాడు తెల్లవారుజామున నల్లా వచ్చింది. కొట్టడానికి పైపు లేదు, వాకిట్లో నిలబడి అరిచాను: "నల్లా వచ్చిందే!"

"వస్తున్నా!" పైనుంచి జవాబు.

ఆ ఒక్క మాటకే లోపలికి ఉరికి చాయ్ పెట్టాను. ఆమె బకెట్ నిండేదాకా నల్లా గట్టు మీద కూర్చుంది. వాళ్లమ్మ సంగతి, ఆఫీసు సంగతి చెప్పింది. నా చాయ్ తాగి, అల్లం ఇంకొంచెం పడితే బాగుండేదంది. ఎంత ధైర్యం! మనసు నిండిపోయింది.

నాలుగో బకెట్ తీసుకొని పోతూ బయటి మెట్ల మీద ఆగింది. బకెట్ కింద పెట్టి, నడుము మీద చెయ్యి పెట్టుకుంది. అచ్చం అట్లాగే టైలరు భార్య కూడా ఆగేది. పదేళ్లు నా కళ్ల ముందే ఆగింది. నేను గంటె పట్టుకొని మురుస్తూ చూశానే తప్ప, ఒక్కనాడూ ఒక్క బిందె అందుకోలేదు.

లోపలికి పోయి మెకానిక్‌కు ఫోన్ చేశాను. మధ్యాహ్నానికి మోటారు గుర్రుమంది, పైన నల్లాలన్నీ పారాయి. ఆమె జాలీ దగ్గర నిలబడి, "థాంక్స్ ఆంటీ!" అని లోపలికి పోయింది.

మెకానిక్ సంచి సర్దుకుంటుంటే అడిగాను: "నాయనా, గీ గోడకు ఒక ఇనుప పైపు ఎయ్యాలె. పాతదైనా ఫికర్ లేదు."

"నీళ్లు మంచిగనే ఎక్కుతున్నయి గద అమ్మా?"

"నీళ్లకు కాదు."

వాడు నన్ను ఎగాదిగా చూసి, టేపు తీసి గోడకు ఆనించాడు. "ఏడిదాక ఎయ్యాలె?"

"వాళ్ల వంటింటి కిటికీ దాక" అన్నాను.