దారికి అడ్డం వచ్చిన బాతులు

ఫ్రాన్స్ పల్లెల్లో కార్లు రాని కంకర దారుల మీద సైకిల్ తొక్కాలని మావారి ప్లాన్. నేనేమో కాలేజీ తర్వాత సైకిల్ ముట్టలేదు. అందుకే ఈ రోజు మా ఊరు ప్లెయిన్స్‌బరోలో కాలువ గట్టు మీద ట్రయల్ వేశాం. నేను పడితే ఫ్రాన్స్‌లో సైకిల్ బదులు కారే.

కొంత దూరం వెళ్లాక దారికి అడ్డంగా పెద్దబాతుల గుంపు. మావారు బెల్ కొట్టారు. కొత్తగా నేర్చుకున్న ఫ్రెంచ్‌లో "పార్డాన్" అన్నారు. అవి బుస కొట్టాయి. ఆయన సైకిల్ దిగిపోయారు.

బ్రేక్ వేస్తే పడతానని భయం నాకు. ఆపకుండానే "జరగండమ్మా, జరగండి" అని అరిచాను. అన్నీ బుద్ధిగా పక్కకు తప్పుకున్నాయి.

"ఫ్రాన్స్‌లో నువ్వే ముందు వెళ్లు" అన్నారు మావారు.

ఇంటికొచ్చినా నవ్వు ఆగట్లేదు. వీధి వీధికీ తెలుగువాళ్లున్న ప్లెయిన్స్‌బరోలో బాతులకు తెలుగు రావడంలో వింతేం లేదు. ఫ్రాన్స్ బాతుల సంగతి ఎవరికైనా తెలిస్తే చెప్పండి.