చాట చప్పుడు

ఆ స్పీకర్ గుర్తొస్తే ఇప్పటికీ నాకు రోత పుడుతుంది.

నా కూతురికి తొమ్మిదేళ్లు. ఆటిజం. మాటలు రావు కానీ ఒక కూనిరాగం ఉండేది. పినపాకలో మా వాకిట్లో అత్త బియ్యం చెరుగుతుంటే పక్కన చేరి, చాట చప్పుడుకు తగ్గట్టు రాగం తీసేది. అత్త ఆపితే తనూ ఆపేది. పిల్ల మళ్లీ అందుకునేదాకా అత్త చాట ఎత్తేది కాదు. పావుగంట పని పూటంతా సాగేది. నాకు ఒళ్లు మండేది.

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు కదా. భద్రాచలంలో ఒకాయన మ్యూజిక్ థెరపీ చేస్తాడంటే బస్సెక్కాను. కిరాయి గది, గోడంత స్పీకర్లో హోరెత్తే పాటలు. పిల్ల చెవులు మూసుకుంటే ఆ చేతులు లాగి డప్పు మీద పెట్టి, తనే పట్టుకుని కొట్టించాడు. పైగా ఫోన్లో వీడియో. అతని నవ్వు చూస్తే వెగటు పుట్టింది. అయినా నోరు మూసుకున్నాను. ఇంట్లో కూడా చిన్న స్పీకర్ కొని రెండు పూటలా ఆ పాటలే పెట్టమన్నాడు, వేరే చప్పుడు వినపడకూడదన్నాడు. అలాగే కొని పెట్టాను. అత్తను చాట తీసుకుని పెరట్లోకి పొమ్మన్నాను. ఆమె చాట చంకన పెట్టుకుని వెళ్లింది.

మూడు నెలలకు పిల్ల బొమ్మలా కూర్చోవడం నేర్చుకుంది.

"చూసిండ్రా మేడమ్, ఎంత సైలెంట్ అయ్యిందో. ఇదే ఇంప్రూవ్‌మెంట్" అన్నాడాయన.

నేను చప్పట్లు కొట్టాను. సిగ్గులేని చేతులు.

ఇంటికొచ్చి అత్తకు గొప్పగా చెప్పాను. ఆమె అంతా విని ఒక్కటే అడిగింది. "పిల్ల రాగం తీయక ఎన్ని దినాలాయె, చూసుకున్నవా?"

చూసుకోలేదు. అతని మీద అసహ్యం ఆ క్షణాన నా మీదికి మళ్లింది. తర్వాత బడిలో స్పెషల్ టీచరమ్మ చెప్పింది, పిల్ల చేసే చప్పుడును మనం అందుకోవడం, ఆగడం, మళ్లీ పిల్లకు వంతు ఇవ్వడం, అసలు మ్యూజిక్ థెరపీలో ముఖ్యమైన పని అదేనని. అత్త చేసింది అదే. నేను ఆ వైద్యాన్నే పెరట్లోకి తోలాను.

స్పీకర్ పీకేశాను. అత్త మళ్లీ వాకిట్లో కూర్చుంది. చాట కదలగానే పిల్ల రెండు చెవులూ మూసుకుంది. అత్త ఆపేసింది. రోజూ అంతే, నాలుగుసార్లు చెరగడం, చాట ఒళ్లో పెట్టుకుని ఎదురుచూడడం.

నిన్న పిల్ల ఒక చెవి మీంచి చెయ్యి తీసింది. ఆత్రంగా గడప దాటబోయాను. అత్త చెయ్యి అడ్డం పెట్టింది.

"నువ్ రాకు" అన్నది.