ఒక్కరోజు తిరగబడిన మా పెదనాయన

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒక వీరుడు ఉండేవాడు. మా నాయనకు అన్న, నాకు పెదనాయన. నావికాదళంలో ఆఫీసరుగా చేసి, ఆ కొలువు వదిలి వచ్చి మాతోనే ఉండేవాడు. బిందెడు నీళ్ల కోసం ఆడవాళ్లు తెల్లారకముందే బావి దగ్గర జుట్లు పట్టుకునే మార్కాపురంలో ఆయన రోజూ తెల్లబట్టలు తొడుక్కుని సముద్రం కబుర్లు చెప్పేవాడు. ఆ బట్టలు ఉతికేది మా అమ్మ. ఆయన ఏనాడూ ఒక్క చేద నీళ్లు తోడిన పాపాన పోలేదు.

ప్రతి ఆగస్టు పదిహేనుకూ మా బడిలో జెండా ఎగరేసేది ఆయనే. ఎగరేశాక కథ మొదలు. బొంబాయిలో తెల్లదొరలు మన నావికులకు పురుగుల పప్పు, రాళ్ల అన్నం పెట్టారట. వాళ్లు కంచాలు నెట్టేసి తిరగబడ్డారట. ఆఫీసరై ఉండి కూడా ఈయన టోపీ తీసి నేలకేసి కొట్టి, వెళ్లి వాళ్ల మధ్య కూర్చున్నాడట. ఇక్కడికి రాగానే ఆయన గొంతు వణికేది, పంతుళ్లు కళ్లు తుడుచుకునేవాళ్లు, మేం చప్పట్లు కొట్టేవాళ్లం. కథ అక్కడితో సరి. ఆ తర్వాత ఏమైందని ఒక్కరూ అడిగేవాళ్లు కాదు. నేనైతే అందరికంటే గట్టిగా కొట్టేదాన్ని. మా పెదనాయన కదా!

మా అవ్వ మాత్రం, అంటే ఆయన్ను కన్నతల్లి, ఆ రోజు బడి ఛాయలకు కూడా వచ్చేది కాదు. ఏదో ఒక పని పెట్టుకునేది.

ఆ వీరగాథ విని మురిసిపోయే పలకల క్వారీ షావుకారు ఆయనకు మేనేజరు ఉద్యోగం ఇచ్చాడు. మా పక్కింటి సాయిబులామెను ఖాలా, అంటే పిన్నమ్మ, అని పిలిచేవాళ్లం. ఆమె కొడుకు అదే క్వారీలో రాయి తీసేవాడు. ఆ పిల్లాడి చిన్నతనంలోనే ఖాలా భర్త పోయాడు, వాడు సగం మా ఇంట్లోనే పెరిగాడు. నన్ను భుజాల మీద ఎక్కించుకుని పీర్ల పండగ చూపించింది ఆ అన్నే. ఒకరోజు పెదనాయన అన్నం తింటూ, క్వారీలో రాతిగోడ నెర్రె ఇచ్చిందనీ, కూలీలను దించొద్దని చెప్పినా షావుకారు వినలేదనీ అవ్వతో అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. ఆ మాట అని, తిని చెయ్యి కడుక్కున్నాడు, అంతే. ఆ వారంలోనే గోడ జారి పక్కింటి అన్న కాలి మీద పడింది.

కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపోకపోతే కాలు తీసేయాల్సిందే అన్నాడు ఊళ్లో డాక్టరు. షావుకారు చేతులు దులుపుకున్నాడు. వాణ్ణి మేం దించలేదు, రాయి ఎత్తుకుపోవడానికి తనే దొంగతనంగా దిగాడు అన్నాడు. అంటే వైద్యం చేయించేది లేదు, పైగా దొంగ అన్న ముద్ర. కూలీలంతా పని ఆపేసి క్వారీ ముందు కూర్చున్నారు. అప్పుడు మా పెదనాయన భుజం మీది కండువా తీసి నేలకేసి కొట్టి, పోయి వాళ్ల మధ్య కూర్చున్నాడు. "తెల్లోణ్ణే ఎదిరించినోణ్ణి, ఈ షావుకారు నాకొక లెక్కనా? రేపు విచారణకు సర్కారు ఆఫీసరు వస్తాడు, ఉన్నది ఉన్నట్టు చెప్తా" అన్నాడు. ఖాలా ఆయన కాళ్లకు మొక్కింది. ఆ పూట గర్వంతో నేను నేల మీద నడవలేదు.

మర్నాడు ఆఫీసరు వచ్చాడు. మా వీరుడు ఏం చెప్పాడో ఆయన ఇల్లు చేరకముందే ఖాలా వచ్చి చెప్పింది. "గోడ బాగనే ఉండె, వాడే చెప్పకుండ దిగినాడు అన్నాడమ్మా మీ కొడుకు. నా బిడ్డను దొంగను చేసినాడు" అని గుండెలు బాదుకుంది. అవ్వ ఆమెను కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి పంపింది. తర్వాత మా అమ్మను పొయ్యి దగ్గర నుంచి లేపి తనే వంటకు కూర్చుంది.

పెదనాయన వచ్చాడు. కాళ్లు కడుక్కుని ఏమీ ఎరగనట్టు పీట మీద కూర్చున్నాడు. మా వైపు కంచం మూలన చిటికెడు ఉప్పు పెట్టాకే ఏదైనా వడ్డిస్తారు. ఉప్పు తిన్న ఇంటికి ద్రోహం చేయకూడదని పిల్లలకు చెప్పేదీ అప్పుడే. ఆ రోజు ఆ మూల ఖాళీ. గోంగూర పప్పు కలిపి ముద్ద నోట్లో పెట్టుకుని మొహం చిట్లించాడు. వంకాయ కూర కలిపాడు, అదీ అంతే. "ఏందమ్మా, దేంట్లోనూ ఉప్పు లేదే!" అన్నాడు.

"అబద్ధం ఎందుకు చెప్పినావురా?" అంది అవ్వ.

"ఏం చేసేదమ్మా, షావుకారు ఉప్పు తింటా ఉండాం గదా."

అవ్వ నవ్వింది. అంత చేదు నవ్వు నేను మళ్లీ ఎవరి మొహాన చూడలేదు. "బొంబాయి నుంచి వచ్చిననాడూ ఇదే మాట చెప్పినావు. ఒకరోజు ఆ పిల్లోళ్ల పక్కన కూచున్నావు. మర్నాడు ఫిరంగులు వాళ్ల దిక్కు తిప్పంగనే, ముందు నిలబడినోళ్లు ఎవరెవరో దొరకు చూపించినావు. వాళ్లు జైలుకు పోయినారు, నీ కొలువు నీకు మిగిలె. అదేందిరా అంటే, దొర ఉప్పు తిన్నానమ్మా అంటివి. కన్నకడుపు, నోరు మూసుకున్నా. ఇంగ నా ఉప్పు నీకు పెట్టను. పెడితే రేపు నా పేరు చెప్పి ఇంకెవరి కొంప ముంచుతావో. ఆ పక్కింటోడు ఈ ఇంట్లో తిన్నది ఉప్పు గాదా?"

పోనీ సిగ్గన్నా పడ్డాడా అంటే, అబ్బే! ఆడవాళ్లకు లోకజ్ఞానం ఉండదని గొణిగి, చెయ్యి కడుక్కుని, బజారులో హోటలుకు పోయి కడుపునిండా తిని వచ్చాడు. థూ, ఏం బతుకు!

అవ్వ కొంగు బిగించి నా చెయ్యి పట్టుకుంది. ఆ ఎండలో ఆఫీసరు దిగిన బంగ్లా దాకా ఇద్దరం నడిచాం. ఏ ఆఫీసరు గడపా తొక్కి ఎరగని ముసలమ్మ ఆయన ముందు నిలబడి, "పొద్దున నీకు అబద్ధం చెప్పినోడు నా కొడుకే అయ్యా. గోడ నెర్రె ఇచ్చిందని ముందే నాతో అన్నాడు. ఈ పిల్ల గూడా విన్నది" అంది. చెప్పేటప్పుడు గొంతు నిబ్బరంగానే ఉంది గానీ, నా చెయ్యి నలిగిపోయేలా పట్టుకుంది. ఆఫీసరు నన్ను అడిగాడు. నేను విన్నది చెప్పాను. తల్లే వచ్చి చెప్పిందని తెలిశాక పొద్దున మేనేజరే మాట మార్చేసరికి భయపడి ఊరుకున్న కూలీలు కూడా ఒక్కొక్కరే వచ్చి నోరు విప్పారు. షావుకారు కిమ్మనకుండా అన్నను కర్నూలు పంపించాడు. కాలు నిలిచింది, కుంటు మిగిలింది. దొంగ అన్న మాట మాత్రం మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

తిరిగి వచ్చేటప్పుడు అవ్వ దారి పొడవునా ఏడ్చింది. కొడుకు మీద సాక్ష్యం చెప్పిన తల్లికి ఎంత కోత ఉంటుందో నాకు బిడ్డలు పుట్టాకే తెలిసింది.

వీరుడికేం, దుక్కలా ఉన్నాడు. మరుసటి ఆగస్టు పదిహేనుకు మళ్లీ తెల్లబట్టలు, మళ్లీ బొంబాయి, మళ్లీ టోపీ. నేను చప్పట్లు కొట్టలేదని పంతులు చెవి మెలేశాడు. అయినా కొట్టలేదు. పోయేదాకా ఆయన అదే కథ చెప్పుకుని బతికాడు, జనం అదే కథ విని దండలు వేశారు. ఆయనంటే నాకు అసహ్యం. నాకు డెబ్బై దాటాక కూడా దాచుకోవడం దేనికి?

అప్పటి నుంచి, మైకు పట్టుకుని నేను ఎదిరించాను, నేను తిరగబడ్డాను అని ఎవరు చెప్పినా నా నోటికి ఒకటే ప్రశ్న వస్తుంది: మర్నాడు ఎక్కడున్నావు నాయనా? మంత్రినైనా అడుగుతాను, నా అల్లుణ్ణైనా అడుగుతాను. అందుకే నన్ను సభలకు పిలవరు.

మొన్న నలుగురు కుర్రాళ్లు వచ్చారు. పెదనాయనకు విగ్రహం పెడతారట, యూనిఫారంలో ఉన్న ఫొటో కావాలట. తెల్లదొరల మీద తిరగబడ్డ వీరుడని కింద చెక్కిస్తారట. చెక్కించండి, దాని కిందే మర్నాడు ఏం చేశాడో కూడా చెక్కించండి, ఫొటో ఇస్తాను అని జరిగిందంతా చెప్పాను. "ఇప్పుడు అవన్నీ ఎందుకు అవ్వా" అంటూ లేచిపోయారు. ఫొటో లేకుండానే, ఏదో సినిమా వేషగాడి మొహం చూసి విగ్రహం చేయించారు. పోలిక అచ్చం కుదిరింది.