ఆర్విన్ బండి తాళం లాక్కున్న వెర్లీన్

అమెరికాలోని ఆర్కన్సాలో మా ఊరి బయట, రెండేసి కార్లు తిన్నటి దారిలో పోటీపడే డ్రాగ్ రేసు ట్రాక్‌లో, పిట్ గేటు దగ్గర నిలబడే మనిషి వెర్లీన్ స్టకీ. వారమంతా బడి బస్సు నడుపుతుంది, శనివారం ఇక్కడికి వస్తుంది. రేసు కార్లను విప్పి బిగించుకునే ఆ పిట్ మైదానంలో తిరగాలంటే, గోల్ఫ్ బండి అనే చిన్న బ్యాటరీ బండి ప్రతిదానికీ ఆమె స్టిక్కరు అంటించాలి. దానికి ఇరవై డాలర్లు రుసుము. డబ్బు తీసుకునే ముందు బ్రేకు తొక్కించి చూస్తుంది. రుసుముకి సణిగేవాళ్ళకంటే బ్రేకు పరీక్షకి సణిగేవాళ్ళే ఎక్కువ. ఆమె భర్త లైల్ తుంటి విరిగింది ఈ మైదానంలోనే, ఎవరిదో ఆగని బండి కింద పడి. ఆ మాట మాత్రం ఆమె ఎవరి దగ్గరా ఎత్తదు.

ఆ సెప్టెంబరు ఫైనల్‌కి మా ఊరి పాత రేసుగాడు ఆర్విన్ హాస్కెట్ చేరాడు. ముందే ఇంజను వేడెక్కకూడదని రేసు కారుని గోల్ఫ్ బండికి తాడుతో కట్టి రేసు మొదలయ్యే గీత దాకా లాక్కెళుతున్నాడు. కార్లో ఆయన భార్య నదీన్ స్టీరింగు పట్టుకుని కూర్చుంది. ఎదర అంతా పల్లం, దారి పొడవునా పిల్లలూ జనమూ. ఆపమని వెర్లీన్ చెయ్యెత్తింది. ఆర్విన్ బ్రేకు తొక్కినా బండి జారుకుంటూ ఆమె మోకాళ్ళ దాకా వచ్చి, నదీన్ కారు బ్రేకు వేస్తేగానీ ఆగలేదు. వెర్లీన్ వంగి తాళం లాగేసింది.

"దిగు పెద్దాయనా."

"పొద్దున నువ్వే కదమ్మా స్టిక్కరు అంటించావ్!"

"పొద్దున ఆగింది. ఇప్పుడు ఆగట్లేదు."

"సోమవారం బాగు చేయిస్తాలే. ఇటివ్వు, పిలుస్తున్నారు!"

మైకులో ఆఖరి పిలుపు వినిపించింది. ట్రాక్ మేనేజరు డెల్బర్ట్ పరిగెత్తుకొచ్చాడు.

"ఏంటిది వెర్లీన్? జనమంతా ఈయన కోసమే వచ్చారు. ఇచ్చేయ్."

"ఇవ్వను. కావాలంటే నన్ను తీసేయ్."

"తీసేస్తా!"

"స్టిక్కర్లు అంటించేదానికి ఇంత పోలీసు వేషమా!" అని గుంపులోంచి ఎవడో అరిచాడు.

ఆమె తాళం జేబులో వేసుకుని, తాడు విప్పి బండిని పక్కకి నెట్టించింది. కారు వెనక్కి వెళ్ళి భుజం ఆనించింది.

"చూస్తారేంటి? తోయండి!"

ముందు నదీన్ దిగి పక్కకొచ్చింది. ఆర్విన్ తిట్టుకుంటూనే వెళ్ళి కార్లో కూర్చున్నాడు. ఇంకో నలుగురం చెయ్యి వేశాం. అరిచినవాడూ వేశాడు. పిలిచిన గడువు దాటిపోతుందేమోనన్న భయంతో అందరం ఊపిరి బిగబట్టి తోసి, ఎలాగో గీత దగ్గర నిలబెట్టాం.

ఆర్విన్ ఓడిపోయాడు. చక్రమంత తేడా. వెర్లీన్ వైపు చూడకుండా వెళ్ళిపోయాడు. డెల్బర్ట్ అన్నంత పనీ చేసి ఆమెని తీసేశాడు.

ఇంటి దగ్గర లైల్ అడిగాడట, "నిజంగా ఏమన్నా జరిగేదంటావా?" అని.

"ఏమో. అది తెలుసుకునే అవసరం రాలేదుగా, అదే చాలు" అందట.

చలికాలంలో నదీన్ వెర్లీన్ తరఫున రేసుగాళ్ళ ఇళ్ళ చుట్టూ తిరిగింది. వెర్లీన్ గేటు దగ్గర లేకపోతే మా బండ్లేవీ లోపలికి రావని మేమంతా డెల్బర్ట్‌కి చెప్పాం. వసంతంలో ఆమె తిరిగొచ్చింది.

మొదటి శనివారమే ఆర్విన్ బండి వచ్చి ఆగింది.

"ఆ రేసు నాదే కావాల్సింది. నిన్నింకా క్షమించలేదు."

"క్షమించకు. ముందు బ్రేకు తొక్కు."

తొక్కాడు. బండి కదల్లేదు. ఆమె వంగి స్టిక్కరు అంటించి, తర్వాతి బండిని రమ్మంది.