కర్పూరం ముట్టించి కణాల మందు ఎంచిన రోజు

ఆ రోజుల్లో నాకు అక్షరం ముక్క రాదు. బడికి పోవలసిన వయసులో వేరుశనక్కాయలు వలిచాను, నలభై దాటాక పొదుపు సంఘం ఆడవాళ్ల పక్కన కూర్చుని అఆలు దిద్దాను. నేర్చుకున్నాక కూడా వెంటనే ఏమీ రాయలేదు. కాగితం మీద పెట్టిన మాటను ఎవరు ఎటు తిప్పుతారోనని అనుమానం. అది నాకు పుట్టుకతో వచ్చింది (మా అమ్మ కొట్లో ఉప్పు కొన్నా నాలుక మీద వేసుకుని చూసేది). ఇన్నాళ్లకు ధైర్యం చేసి రాస్తున్నది, కడపలో ఒక కాలేజీ ప్రయోగశాలలో గాజుసామాను కడిగే పనికి కొత్తగా చేరినప్పటి సంగతి.

అక్కడ పరిశోధన చేసే అమ్మాయిని నేను కళ్లద్దాల మేడం అనేదాన్ని. ఆమెదీ మా కమలాపురం వైపే కాబట్టి నాతో మనసు విప్పి మాట్లాడేది. ప్రాణమున్న కణాలను గిన్నెల్లో పెంచి, వాటి లోపలికి డీఎన్‌ఏ అనే సన్నటి దారం లాంటిదాన్ని పంపడం ఆమె పని. అది తనంతట తాను పోదు, పంపడానికి ఒక మందు కావాలి. పోయిందంటే, ప్రత్యేకమైన వెలుగు కింద పెట్టినప్పుడు కణం ఆకుపచ్చగా మెరుస్తుంది. మందు కణానికి సరిపడకపోతే కణమే చస్తుంది. పెద్దసారు ఒక్క సీసా తెప్పించడానికే ఒప్పుకున్నారు. ఏడాది పనంతా దాని మీదే. తప్పు సీసా ఎంచుకుంటే ఆమె చదువు అక్కడికి ఆగిపోతుంది. "అన్నం సయించడం లేదక్కా" అనేది పాపం.

మందు అమ్మేవాళ్లు ఇద్దరు వచ్చి, చూసుకోమని తలా ఒక చిన్న సీసా ఇచ్చారు. ఒకాయన నున్నచొక్కా, మాటలు అంతకంటే నునుపు. ఇంకొకాయన ఏం చెప్పినా గొణుగుడే. నాకు మాత్రం మందు అమ్మేవాడెవడైనా ఒకటే, ఎందుకంటే మా నాయన పత్తికి కొట్టిన మందుతో పురుగులు ఇంకా బలిశాయి. మా వైపు మాట తేలకపోతే కర్పూరం ముట్టించి, అరచేత్తో ఆర్పి ప్రమాణం చేయమంటారు. నేను టీ సాసరులో కర్పూరం బిళ్ల పెట్టి వరండా చివర వెలిగించాను (స్పిరిట్ సీసాలకు దూరంగానే, ఆ మాత్రం బుద్ధి ఉండేది).

"నీ మందు మా మేడం కణాలకు పనిచేస్తాదని ఆర్పప్పా" అన్నాను.

"దాందేముందక్కా, మాయమ్మ మీద ఒట్టు" అని నున్నచొక్కా టక్కున ఆర్పేశాడు. ఇంకో బిళ్ల వెలిగిస్తే గొణుగుడాయన చేయి వెనక్కు లాక్కున్నాడు.

"వేరే కణాలకు పని చేసిందమ్మా. మీ కణాలకు ఎట్లుంటాదో నాకు తెలీదు. ఎట్ల ఒట్టేసేది?"

"తెలీకుండానే అమ్మను వచ్చినావా?"

"తెలీదు గాబట్టే ఊరికే ఇస్తాండా, వేసి చూసుకోండని."

ఊరికే ఎవరిస్తారు? (నున్నచొక్కా కూడా ఊరికే ఇచ్చాడన్నది నాకు తట్టనే లేదు.) పరుగున పోయి, నున్నచొక్కా సీసానే కొనమని మేడంకు చెప్పాను.

"కణాలకు ఒట్లు తెలుస్తాయాక్కా?" అని నవ్వి, ఆమె గుంటల పళ్లెంలో ఒక వరుసకు ఒక మందు, ఇంకో వరుసకు ఇంకో మందు వేసి, మూడో వరుసను ఊరికే వదిలేసింది. గొణుగుడాయన వచ్చి ఏం గోల్‌మాల్ చేస్తాడోనని నేను తలుపు దగ్గర కాపలా కూర్చున్నాను. పెద్దసారు వస్తే ఆయన్నీ "యాడికి సార్?" అని ఆపాను.

మరునాడు మేడం నన్నూ సూక్ష్మదర్శినిలో చూడనిచ్చింది. ఊరికే వదిలిన వరుస నిక్షేపంగా ఉంది. ఒట్టు వేసినాయన వరుసలో కణాలు చచ్చి, అడుగు నుంచి ఊడిపోయి పొట్టులా తేలుతున్నాయి. గొణుగుడాయన వరుసలో అప్పుడే మొలిచిన కొర్రపైరులా అక్కడక్కడా పచ్చదనం.

"నువ్వు చెప్పిందే కొనింటే ఏమయ్యేదక్కా?" అంది మేడం నా చేయి పట్టుకుని.

"నా సంగతి వదిలెయ్ మేడం. ఒట్టేసిన ఆయప్పను వాళ్లమ్మకు ఫోన్ చెయ్యమను, బాగుండాదో లేదో" అన్నాను.

అప్పటి ఆ పిల్లను, అంటే నన్నే, ఇప్పుడు తలుచుకుంటే నవ్వు వస్తుంది, కొంచెం ముద్దు కూడా వస్తుంది. అంత జరిగాకైనా మారిందా అంటే, లేదు. మర్నాడు పొద్దున గొణుగుడాయన వస్తే ఫ్యాను కింద కుర్చీ వేసి, "నీ మందే మంచిదంటన్నా" అన్నాను. "అప్పుడే అట్ల అనుకోగాకండి, మేడంను ఇంకోసారి వేసి చూడమనండి" అన్నాడు. తన సరుకును తానే నమ్మని మనిషిని ఎట్లా నమ్మేది? నేరుగా లోపలికి పోయి, "ఇంకోసారి వేసి చూడు మేడం. ఆయప్పను నమ్మి కాదు, నమ్మకనే చెప్తాండా" అన్నాను.